ఆకుపచ్చ చుక్క చెప్పేదెంత, చెప్పనిదెంత: ఆల్ఫా-గాల్ అలర్జీ ఉన్నవారు చిరుతిళ్ల ప్యాకెట్ చదవడం ఎలా?

చిప్స్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క కనిపిస్తే మారుమాట లేకుండా బుట్టలో వేసుకోవడం హైదరాబాద్‌లో శాకాహారుల ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. క్షీరదాల మాంసం పడని ఆల్ఫా-గాల్ అలర్జీ ఉన్నవారికి కూడా ఆ చుక్క పెద్ద అండే. అయితే అది వారి కోసం పుట్టిన గుర్తు కాదు. మాంసం ముట్టనివారి ఆచారాన్ని కాపాడటానికి పెట్టిన గుర్తు అది. అలర్జీ అడిగేది మరో ప్రశ్న: ఇందులో క్షీరదానికి సంబంధించినది ఏదైనా ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ చాలా ప్యాకెట్ల మీద ఒకే జవాబు వస్తుంది. కొన్నిచోట్ల మాత్రం జవాబులు విడిపోతాయి. అవి ఎక్కడ విడిపోతాయో తెలిసినవారికి ప్యాకెట్ చదవడం నిమిషం పని. తెలియనివారు ఎక్కడో దొరికిన నిషేధాల చాంతాడును చేతిలో పట్టుకుని సూపర్‌మార్కెట్‌లో అరగంట తిరుగుతారు. చివరికి ఏమీ కొనకుండా బయటికి వస్తారు.

ముందు జబ్బు సంగతి. ఆల్ఫా-గాల్ అనేది ఒక చక్కెర నిర్మాణం. పూర్తి పేరు గెలాక్టోజ్-ఆల్ఫా-1,3-గెలాక్టోజ్. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, కుందేలు, జింక వంటి క్షీరదాల కణాల మీద ఇది ఉంటుంది. మనుషుల్లో, చింపాంజీ, గొరిల్లా వంటి తోకలేని కోతుల్లో, ఆసియా, ఆఫ్రికా ఖండాల కోతుల్లో ఉండదు. కోడిలో, చేపలో, రొయ్యలో, గుడ్డులో కూడా ఉండదు. కొన్ని జాతుల గోమార్లు, అంటే పిడుదులు, మనిషిని కుట్టినప్పుడు కొందరి శరీరం ఈ చక్కెర మీద అలర్జీ తెచ్చే ఐజీఈ రకం యాంటీబాడీలను తయారుచేసుకుంటుంది. ఆ తరువాత మటన్ తిన్నా, బీఫ్, పోర్క్ తిన్నా అలర్జీ మొదలవుతుంది. అమెరికాలో దీనికి ప్రధాన కారణం లోన్ స్టార్ టిక్ అనే గోమారి. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో, జపాన్‌లో వేరే జాతులు ఇదే పని చేస్తున్నాయి.

ఈ సంగతి బయటపడిన తీరు విచిత్రమైనది. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు మొదటి డోసుకే టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో చాలామంది రోగులకు తీవ్రమైన రియాక్షన్ వచ్చింది. మిగతా ప్రాంతాల్లో అంతగా లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం కారణం వెతికింది. మందు అణువు మీద ఉన్న ఆల్ఫా-గాల్‌కు ఆ రోగుల రక్తంలో ముందే ఐజీఈ ఉందని 2008లో ప్రకటించింది. మాంసం తిన్న కొన్ని గంటలకు వచ్చే రియాక్షన్‌తో దీనికున్న సంబంధం 2009లో వెలుగులోకి వచ్చింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క ప్రకారం 2010 నుంచి 2022 వరకు అక్కడ 1,10,000కు పైగా అనుమానిత కేసులు గుర్తించారు. అసలు సంఖ్య 4,50,000 వరకు ఉండవచ్చని అంచనా. అదే సంస్థ జరిపిన సర్వేలో 42 శాతం వైద్య సిబ్బంది ఈ జబ్బు పేరే వినలేదన్నారు. జబ్బు ఎక్కువగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, అక్కడి నుంచి సెలవులకు హైదరాబాద్ వచ్చినవారి మాట ఇక్కడి క్లినిక్‌లో వెంటనే అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. వర్జీనియా, నార్త్ కరోలినా, మిస్సోరీ, ఆర్కన్సా వంటి లోన్ స్టార్ టిక్ రాష్ట్రాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు ఎంతోమంది. వారిలో ఎవరికైనా ఈ అలర్జీ ఉంటే, ఆ సమస్య వారితోపాటే శంషాబాద్‌లో విమానం దిగుతుంది.

పల్లీలు, రొయ్యల వంటి అలర్జీల్లో తిన్న కొద్ది నిమిషాల్లోనే దద్దుర్లు లేస్తాయి కాబట్టి దోషి ఎవరో వెంటనే తెలిసిపోతుంది. ఆల్ఫా-గాల్ విషయంలో సాధారణంగా 2 నుంచి 6 గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదికి తిన్నది అర్ధరాత్రి దాటాక దురద, దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలుగా బయటపడుతుంది. కొందరికి ఊపిరి ఆడదు, రక్తపోటు పడిపోతుంది. కొవ్వు జీర్ణమై రక్తంలోకి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, కొవ్వుతో కలిసి ప్రయాణించే ఆల్ఫా-గాల్ కూడా ఆలస్యంగా చేరుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. కొవ్వు ఎక్కువున్న మాంసానికి రియాక్షన్ తీవ్రంగా ఉండటం ఈ వివరణకు సరిపోతోంది. పైగా తిన్న ప్రతిసారీ రాదు. మోతాదు, ఆ రోజు తాగిన మద్యం, చేసిన వ్యాయామం అన్నీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల సాయంత్రం తిన్న చిప్స్‌నో, రాత్రి భోజనాన్నో అనుమానిస్తూ, మధ్యాహ్నం నోట్లో వేసుకున్న నాలుగు జెల్లీ బిళ్లలను ఎవరూ గుర్తు చేసుకోరు.

ప్యాకెట్లు తిప్పి చూడటం మొదలుపెట్టే ముందు రక్త పరీక్ష జరగాలి. ఆల్ఫా-గాల్‌కు ప్రత్యేకంగా ఐజీఈ పరీక్ష ఉంది. ఫలితాన్ని లక్షణాలతో కలిపి అలర్జీ వైద్యులు చదవాలి. లక్షణాలేవీ లేకుండా రక్తంలో ఐజీఈ మాత్రమే కనిపించేవారూ ఉంటారు, వారు తిండి మానేయనక్కర్లేదు. ఇక్కడ ఒక పిట్టకథ. బి రక్తవర్గాన్ని నిర్ణయించే చక్కెర ఆల్ఫా-గాల్‌కు దగ్గరి పోలికలో ఉంటుంది. అందుకే బి, ఏబీ వర్గాలవారిలో ఈ అలర్జీ తక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. మనవారిలో బి వర్గం ఎక్కువే. అయినా తక్కువ అంటే అసలు రాదని కాదు కనుక, రక్తవర్గం చూసుకుని ధీమాగా పాయా గిన్నె ముందు కూర్చోవడం తగదు.

పేరులో గెలాక్టోజ్ ఉండటంతో పుట్టే భయాలు రెండు ఉన్నాయి. పాలలోని లాక్టోజ్‌లో గెలాక్టోజ్ ఉంది కదా, అదే కారణమా అన్నది మొదటిది. కాదు. లాక్టోజ్‌లో గెలాక్టోజ్, గ్లూకోజ్ బీటా బంధంతో కలిసి ఉంటాయి. అలర్జీ తెచ్చే యాంటీబాడీ పట్టుకునేది రెండు గెలాక్టోజ్‌ల మధ్య ఉండే ఆల్ఫా-1,3 బంధాన్ని. కాబట్టి లాక్టోజ్ తీసేసిన పాలు కొన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. శనగపప్పు, రాజ్మా వంటి వాటిలో ఆల్ఫా-గెలాక్టోజ్ ఉంటుందని చదివి మిక్స్చర్, చెక్కలు మానేయడం రెండో భయం. పప్పుల్లో ఉండే రాఫినోజ్‌లోనిది ఆల్ఫా-1,6 బంధం. దానివల్ల కడుపు ఉబ్బరిస్తుందేమో కానీ ఈ అలర్జీకి దానితో పని లేదు. శనగపిండి, బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, పామోలిన్ నూనెతో చేసిన సకినాలు, జంతికలు, కారప్పూస, చేగోడీలు, బూందీ ఈ అలర్జీ దృష్టితో చూస్తే నిరపాయమైన తిండే. మన పిండివంటల్లో అధిక భాగం పుట్టుకతోనే నిషేధాల జాబితాకు అవతల ఉన్నాయి.

ఇక గుర్తుల దగ్గరికి వద్దాం. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమ రంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం ఉంటే మాంసాహారం. పూర్వం అక్కడా చుక్కే ఉండేది. రంగుల తేడా పట్టలేనివారి కోసం దాన్ని త్రికోణంగా మార్చారు. జంతువులు, పక్షులు, చేపలు, గుడ్లు, జంతువుల నుంచి వచ్చిన ఏ పదార్థమైనా మాంసాహారమే. పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క వంటివి మాత్రం మినహాయింపు. అలర్జీ కోణంలో ఈ నిర్వచనాన్ని చదివితే విషయం తేలిపోతుంది. ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్‌లో మాంసం, పంది కొవ్వు, బీఫ్ కొవ్వు, ఎముకల రసం, జెలటిన్, దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉండకూడదు. అమెరికాలో ఇదే అలర్జీ ఉన్నవారు ఒక్కొక్కటిగా వెతుక్కునే పదార్థాలన్నీ ఇక్కడ ఒక్క చుక్కతో వడకట్టినట్టే. అక్కడ ఇలాంటి తప్పనిసరి గుర్తు లేదు. ఈ ఒక్క విషయంలో హైదరాబాద్ కిరాణా కొట్టు వర్జీనియా సూపర్‌మార్కెట్ కంటే నయం.

చుక్క వదిలేసేది పాలను. ఆవు, గేదె పాలలోనూ ఆల్ఫా-గాల్ ఉన్న ప్రోటీన్లు కొద్దిగా ఉంటాయి. ఈ అలర్జీ ఉన్నవారిలో ఎక్కువమందికి పాలు, పెరుగు పడతాయి. కొందరికి పడవు. వెన్న శాతం ఎక్కువున్న ఐస్‌క్రీమ్, క్రీమ్, కోవా మిఠాయిల దగ్గరే ఇబ్బంది పడేవారూ ఉన్నారు. అందుకే మాంసం మానేశాక లక్షణాలు పూర్తిగా తగ్గితే పాలు ఆపమని వైద్యులు సాధారణంగా అనరు. తగ్గకపోతే తదుపరి మెట్టుగా పాలనూ ఆపి చూడమంటారు. తాను ఏ మెట్టు మీద ఉన్నదీ రోగికి స్పష్టంగా తెలియాలి, ఎందుకంటే ప్యాకెట్ చదివే పద్ధతి అంతా దాన్నిబట్టే మారుతుంది. పాలు పడేవారికి ఆకుపచ్చ చుక్క దాదాపు చాలు. పాలు పడనివారికి చుక్క దగ్గర పని మొదలవుతుంది.

మసాలా రుచి ఆలుగడ్డ చిప్స్ ప్యాకెట్‌ను తీసుకుందాం. వెనక్కి తిప్పితే దినుసుల జాబితా ఉంటుంది. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత అన్న వరుసలో రాయాలన్నది నియమం. మొదట పొటాటో, తరువాత ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్, దాని పక్కన పామోలిన్ అని ఉంటుంది. మూడోది సీజనింగ్. చదవవలసిందంతా ఇందులోనే ఉంటుంది. ఉప్పు, పంచదార, కారం, ఉల్లి, వెల్లుల్లి పొడుల తరువాత చాలా బ్రాండ్లలో మిల్క్ సాలిడ్స్ తగులుతాయి. చీజ్ పౌడర్, వే (పాలు విరిగాక మిగిలే తేట) పౌడర్, బటర్ మిల్క్ పౌడర్ ఉండవచ్చు. ఆ తరువాత హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్, ఇది సోయా నుంచో మొక్కజొన్న నుంచో వస్తుంది. అటుపైన రుచికీ, నిల్వకూ కలిపే పదార్థాలకు సంకేతాలైన అంకెలు: 330, 296, 627, 631, 551. కింద బొద్దు అక్షరాల్లో అలర్జీ సమాచారం: కంటెయిన్స్ మిల్క్, లేదా మే కంటెయిన్ మిల్క్. పాలు పడని వ్యక్తి మొదట వెళ్లవలసింది ఈ ఆఖరి పంక్తికే. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల వంటివి, పాలు, గుడ్లు, చేప, పల్లీలు, బాదం, జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్ ఉంటే ఇక్కడ చెప్పి తీరాలి. సీజనింగ్‌లో ఎంత లోతున దాగి ఉన్నా పాలు ఈ పంక్తిలోకి రావలసిందే. మరి క్షీరద మాంసం? అది ఈ జాబితాలో లేదు. మటన్ రసం పొడి కలిపిన సూప్ ప్యాకెట్ మీద గోధుమ రంగు త్రికోణం ఉంటుంది, దినుసుల్లో పేరు ఉంటుంది. అలర్జీ పంక్తిలో మాత్రం మౌనమే. ఆ మౌనాన్ని నమ్మి మోసపోకూడదు.

అదే అరలో ఉండే వెన్న మురుకులు, ఉస్మానియా బిస్కెట్లు, పాల చాక్లెట్ల దగ్గర ఈ వెతుకులాట అక్కర్లేదు. వాటిలో పాలో, వెన్నో ఉంటాయని అందరికీ తెలుసు. తెలియకుండా దాగేవి వేరే. నాన్-డైరీ క్రీమర్ అని రాసి ఉన్న పొడిలో తరచుగా సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాల ప్రోటీనే. మసాలా ఓట్స్, క్రీమ్ అండ్ ఆనియన్ రుచి మఖానా, ప్రోటీన్ బార్లు కూడా ఈ కోవలోవే. జిమ్‌ల పుణ్యమా అని మాదాపూర్, గచ్చిబౌలి దుకాణాల్లో ప్రోటీన్ బార్ల వరుస ఏటికేడు పొడుగవుతోంది. వాటిలో వే ప్రోటీన్ సర్వసాధారణం. కొన్నింటిలో చర్మం, ఎముకల నుంచి వచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ కూడా కలుపుతారు. అది పశువులదైతే ఈ అలర్జీకి వద్దు. చేపలదైతే ఫరవాలేదు. రెండింటి మీదా గోధుమ రంగు త్రికోణమే ఉంటుంది కనుక దినుసుల వరుస చదవక తప్పదు.

అంకెల మీద ఉన్న భయం గురించి కాస్త గట్టిగానే మాట్లాడాలి. 627, 631, 635 అనే రుచి పెంచే పదార్థాలను మాంసం నుంచో, చేపల నుంచో తీయవచ్చు. చక్కెర, పిండి పదార్థాలను పులియబెట్టి కూడా తీయవచ్చు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలన్న వివాదం ఢిల్లీ హైకోర్టు వరకు వెళ్లింది. ఎంత స్వల్ప మోతాదులో వాడినా ప్రతి దినుసు మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా అన్నది వినియోగదారుకు తెలియాలని 2021 డిసెంబరులో న్యాయస్థానం స్పష్టం చేసింది. ఆచారం పాటించేవారికి ఇది న్యాయమైన కోరిక. అలర్జీ మాత్రం పుట్టుపూర్వోత్తరాలు అడగదు, ఆ పదార్థం మీద ఆల్ఫా-గాల్ చక్కెర మిగిలి ఉందా అని మాత్రమే అడుగుతుంది. 631 ఒక చిన్న న్యూక్లియోటైడ్ అణువు. శుద్ధి చేశాక దాని మీద ఆ చక్కెర గొలుసు ఉండే అవకాశం లేదు. 471గా రాసే మోనో, డై గ్లిజరైడ్లు, 422గా రాసే గ్లిజరాల్, 570గా రాసే స్టియరిక్ ఆమ్లం కూడా కొవ్వును విడగొట్టగా వచ్చిన చిన్న ముక్కలే. అతి సూక్ష్మ మోతాదుకే రియాక్షన్ వచ్చే కొద్దిమంది వీటినీ మానేస్తారు. అది వారూ వైద్యులూ కలిసి తీసుకోవలసిన నిర్ణయం. మిగతావారు, అందునా ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్ మీద, ఈ అంకెలు చూసి బెదరడం వృథా ప్రయాస. చాంతాడంత నిషేధాల జాబితాతో వచ్చే నష్టం కూడా చిన్నదేమీ కాదు. వంద పేర్లలో నిజంగా ప్రమాదకరమైన నాలుగు కలిసిపోయి కనిపించకుండా పోతాయి.

ఆ నాలుగింట్లో మొదటిది జెలటిన్. పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి దీన్ని తీస్తారు. ఎంత ఉడికించి వడకట్టినా దీని మీద ఆల్ఫా-గాల్ మిగులుతుంది. మార్ష్‌మాలోలు, జెల్లీ బిళ్లలు, పిల్లలకు ఇచ్చే విటమిన్ గమ్మీలు, కొన్ని చూయింగ్ గమ్‌లు, దిగుమతి చేసుకున్న కొన్ని రుచుల పెరుగు కప్పుల్లో ఉంటుంది. ఒకే అరలో పక్కపక్కనే ఉండే రెండు జెల్లీ ప్యాకెట్లలో ఒకటి పండ్ల నుంచి వచ్చే పెక్టిన్‌తో చేసినది కావచ్చు, మరొకటి జెలటిన్‌తో చేసినది కావచ్చు. రంగూ రూపమూ ఒకటే. ఇక్కడ చుక్క, త్రికోణం తేడా అక్షరాలా పనికొస్తుంది. హలాల్ ముద్ర మాత్రం పనికిరాదు. హలాల్ జెలటిన్ అంటే పంది నుంచి రాలేదని అర్థమే తప్ప పశువు నుంచి రాలేదని కాదు. పాతబస్తీ దుకాణాల్లో హలాల్ ముద్ర చూసి నిశ్చింతగా తీసుకునే విదేశీ జెల్లీలు ఈ అలర్జీకి సరిగ్గా తగలకూడని వస్తువులు. రెండోది కొవ్వు: పంది కొవ్వు, బీఫ్ కొవ్వు. వీటిని గంపగుత్త పేరుతో కప్పిపుచ్చకుండా దేనికి దాని పేరే రాయాలని మన నిబంధనలు అంటున్నాయి. మూడోది మాంసం రసం, ఎముకల రసం పొడులు. నాలుగోది, పడనివారికి, పాలు.

గోధుమ రంగు త్రికోణం ఉన్నదల్లా మానేయనవసరం లేదన్నది చాలామందికి తట్టని విషయం. గుడ్డు వేసిన కేకు, గుడ్డు కలిపిన బిస్కెట్, రొయ్యల వడియాలు, కోడి మాంసం సూప్ పొడి అన్నిటి మీదా త్రికోణమే ఉంటుంది. క్షీరదం ఏదీ లేకపోతే ఇవి తినవచ్చు. కేకులో వెన్న, పాలు ఉంటాయి కాబట్టి పాల లెక్క విడిగా చూసుకోవాలి. ఎర్ర రంగు కోసం వాడే కార్మైన్ పురుగుల నుంచి వస్తుంది. ఆచారవంతులకు అభ్యంతరమే కానీ ఈ అలర్జీకి కాదు. చికెన్ సాసేజ్‌ల విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. లోపల కోడి మాంసమే అయినా పై తొడుగు కొలాజెన్‌దో, గొర్రె పేగుదో కావచ్చు. దినుసుల్లో కేసింగ్ అనే మాట కనిపిస్తే ఆగి చదవాలి.

పూర్తిగా మొక్కల నుంచే వచ్చినది కావాలంటే వీగన్ గుర్తు ఉంది. వీగన్ ఆహారాల నిబంధనలు 2022లో వచ్చాయి. ఆకుపచ్చ చతురస్రంలో వి అక్షరం, దాని మీద చిన్న ఆకు ఉంటాయి. పాలు కూడా పడనివారికి ఇది అన్నిటికంటే దగ్గరి గుర్తు. ఇక్కడా ఒక చిక్కు మిగులుతుంది. జెలటిన్‌కు బదులుగా వీగన్ తయారీల్లో తరచుగా వాడేది క్యారజీనన్, సంఖ్య 407. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే ఈ పదార్థం గెలాక్టోజ్ గొలుసే, అందులో ఆల్ఫా-1,3 బంధాలు ఉన్నాయి. దీనికి రియాక్షన్ వచ్చిందని చెప్పే రోగులు కొందరు ఉన్నారు. గట్టి రుజువు మాత్రం తక్కువ. మిగతా అన్నీ మానేసినా లక్షణాలు పోనివారు అనుమానించవలసిన పదార్థంగా దీన్ని పెట్టుకుంటే చాలు. మొదటి రోజు నుంచే నిషేధించనక్కర్లేదు. రుచులు కలిపిన పాలు, ఐస్‌క్రీమ్‌లు, కప్పు జెల్లీల మీద ఈ సంఖ్య కనిపిస్తుంది.

విదేశీ ప్యాకెట్ల కథ వేరు. చట్టబద్ధంగా దిగుమతి అయిన వాటి మీద దిగుమతిదారు పేరు, లైసెన్సు సంఖ్య, శాకాహార లేదా మాంసాహార గుర్తు ఉన్న స్టిక్కర్ అంటిస్తారు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ సూపర్‌మార్కెట్లలో ఈ స్టిక్కర్ ఒక్కోసారి అసలు దినుసుల మీదే పడి ఉంటుంది. అలాంటి ప్యాకెట్ వదిలేయడమే మేలు. అసలు ఏ స్టిక్కరూ లేనివి సూట్‌కేసుల్లో వస్తాయి. అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చే చాక్లెట్లు, గమ్మీలు, చిప్స్ ఇంటింటా ఉంటాయి. వాటి మీద చుక్క లేదు, త్రికోణం లేదు. అక్కడి చట్టం గుర్తించిన తొమ్మిది ప్రధాన అలర్జీ కారకాల్లో క్షీరద మాంసం లేదు. నేచురల్ ఫ్లేవర్స్ అనే రెండు మాటల వెనుక బీఫ్ సారం ఉన్నా పేరు బయటపెట్టని సందర్భాలు ఉంటాయి. మెక్‌డొనాల్డ్స్ 1990లో అమెరికాలో ఫ్రెంచ్ ఫ్రైస్‌ను వెజిటబుల్ నూనెకు మార్చినట్లు ప్రకటించింది. ఆలుగడ్డలకు పట్టించే రుచిలో బీఫ్ ఉందన్న సంగతి తరువాత బయటపడింది. హిందువులు, శాకాహారులు 2001లో దావా వేశారు. 2002లో కంపెనీ కోటి డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. భారత్‌లో అమ్మే ఫ్రైస్‌కు ఈ గొడవ లేదు. ఇప్పుడు అక్కడ బీఫ్ కొవ్వులో వేయించడం మళ్లీ ఫ్యాషన్ అయింది, ఆ కొవ్వులో వేగిన చిప్స్‌ను గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. ప్యాకెట్ మీద టాలో, లార్డ్, సూయెట్ (అన్నీ పశువుల, పందుల కొవ్వులే) అన్న మాటలు కనిపిస్తే చెప్పేదేముంది. అక్కడివారు కొందరు యూదుల కోషర్ గుర్తుల్లో పాలూ మాంసమూ లేవని చెప్పే పరేవ్ గుర్తును నమ్ముకుంటారు. అది కొంతవరకే పనికొస్తుంది. పశువుల జెలటిన్‌ను కూడా పరేవ్‌గా ఒప్పుకునే ధ్రువీకరణ సంస్థలు ఉన్నాయి.

ఇంతా చేసి, హైదరాబాద్‌లో ప్యాకెట్ కంటే ప్రమాదకరమైనది ప్యాకెట్ లేని చిరుతిండి. ఇరానీ హోటల్‌లో ఉల్లి సమోసా, ఖీమా సమోసా ఒకే కడాయిలో వేగడం మామూలే. లుఖ్మీ అయితే లోపల ఉండేదే మటన్ ఖీమా. బేకరీలో కర్రీ పఫ్, ఎగ్ పఫ్, మటన్ పఫ్ ఒకే ట్రేలో వేడి చేసి ఒకే పటకారుతో తీసి ఇస్తారు. గోంగూర మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, ఆవకాయ తూకం వేసే గరిటె ఒకటే అయిన పచ్చళ్ల దుకాణాలు ఉన్నాయి. రంజాన్ మాసంలో హలీం బట్టీల దగ్గర చికెన్ హలీం అడిగినా పక్కనే మటన్ దేగ్ ఉంటుంది, రెండింటి మీదా పోసే నెయ్యి డబ్బా ఒకటే. విడిగా అమ్మే వీటికి దినుసుల జాబితా రాసే ఏర్పాటు లేదు. విడి మిఠాయిలకు 2020 అక్టోబరు నుంచి ఎప్పటిలోగా వాడాలో తేదీ పెట్టాలన్నారు, అంతే. ఇలాంటి చోట పూర్తి శాకాహార దుకాణం వెతుక్కోవడం సులువైన మార్గం. అక్కడ కడాయిలోకి మాంసం దిగదు, మిగిలేది నెయ్యి, పాల లెక్క మాత్రమే.

మందుల దుకాణంలో మరో తిరకాసు ఉంది. విటమిన్ గమ్మీ ఆహార చట్టం కిందికి వస్తుంది కాబట్టి చుక్కో త్రికోణమో ఉంటుంది. పక్క అరలోని యాంటీబయాటిక్ క్యాప్సూల్ మందుల చట్టం కిందిది కనుక ఏ గుర్తూ తప్పనిసరి కాదు. క్యాప్సూల్ తొడుగులు ఎక్కువగా జెలటిన్‌వే. అదే మందు మాత్ర రూపంలో దొరుకుతుందా అని వైద్యులనే అడగాలి. సొంతంగా క్యాప్సూల్ విప్పి పొడి మింగడం కొన్ని మందులకు ప్రమాదం. ఆసుపత్రిలో చేరినప్పుడు ఈ అలర్జీ గురించి ముందే చెప్పాలి. సెలైన్‌తో పాటు ఎక్కించే జెలటిన్ ద్రావణాలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే, పంది పేగుల నుంచి తీసే హెపారిన్ వంటివి ఉంటాయి. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా 108కి ఫోను చేయాలి. అలాంటప్పుడు ముందుగా ఇవ్వవలసిన మందు ఎడ్రినలిన్, అలర్జీ మాత్ర దానికి బదులు కాదు.

కొత్తగా గోమార్లు కుట్టకుండా చూసుకుంటే కొన్నేళ్లలో ఐజీఈ తగ్గి, కొందరు మళ్లీ మాంసం తినగలుగుతారు. అప్పటిదాకా ప్యాకెట్లతోనే కాపురం. కంపెనీలు ఫార్ములా మార్చినప్పుడు కవరు రంగు మారదు కాబట్టి, అలవాటైన బ్రాండు అయినా అప్పుడప్పుడు వెనక్కి తిప్పి చూడాలి. అనుమానం ఉంటే ప్యాకెట్ మీద ఉన్న వినియోగదారుల సేవా నంబరుకు అడగవచ్చు. ఆల్ఫా-గాల్ ఉందా అని అడిగితే అవతలివారికి అర్థం కాదు. ఇది వెజ్జేనా అని అడిగితే వచ్చే జవాబు చుక్క ఎప్పుడో చెప్పింది. జెలటిన్ లేదా కొలాజెన్ వాడితే ఏ జంతువుది, ఫ్లేవర్‌లో మాంసం సారం గానీ పాల పొడి గానీ ఉందా, ఇదే యంత్రం మీద మటన్ లేదా బీఫ్ కలిసిన సరుకు తయారవుతుందా అని మూడు ప్రశ్నలు విడివిడిగా, వీలైతే ఈమెయిల్‌లో అడగాలి. రాతపూర్వకంగా వచ్చిన జవాబును ప్యాకెట్ మీది బ్యాచ్ సంఖ్యతో కలిపి దాచుకుంటే, తరువాత రియాక్షన్ వచ్చినా వైద్యులకు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.